1329 ఫస్లీ

ఆదివారం అబిడ్స్‌కి పాత పుస్తకాల కోసం వెళ్ళేవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు: అక్కడ వెతికేది దొరకదు. నవల కోసం వెళ్తే ఎంసెట్ గైడు దొరుకుతుంది, గైడు కోసం వెళ్తే ఎవరో ఎవరికో ప్రేమతో సంతకం చేసిచ్చిన కవితల పుస్తకం దొరుకుతుంది. 2023 ఆగస్టులో ఒక ఆదివారం మాత్రం నాకు వెతికినదే దొరికింది. జనరల్ పోస్టాఫీసు దాటాక, షట్టరు దించిన ఒక బట్టల దుకాణం మెట్ల మీద, లా పుస్తకాల కుప్పలో అడుగున ఉంది. అట్ట సగం ఊడిపోయింది. తెలంగాణ ఏరియా చట్టాల సంపుటం. 'ఆంధ్రప్రదేశ్' అనే మాట తర్వాత బ్రాకెట్లలో 'తెలంగాణ ఏరియా' అని ఉండే చట్టాలన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం. అమ్మే ఆయన "వకీల్ సాబ్ హై క్యా?" అన్నాడు. కాదన్నాను. "ఫిర్ క్యా కరేంగే?" అని నవ్వి, నూటయాభై చెప్పి వందకిచ్చాడు.

అప్పటికి నెల కిందట, జూలై 6న, తెలంగాణ హైకోర్టు ఒక పాత చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పేపర్లో చిన్న వార్త. దాని పేరు చదివినప్పటి నుంచీ ఆ చట్టం అసలు పాఠం చూడాలని నాకు పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో తర్వాత చెప్తాను. చెప్పడం అంత సులువు కాదు కాబట్టి ముందు చట్టం సంగతి చూద్దాం.

ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ఏరియా) యూనక్స్ యాక్ట్, 1329 ఫస్లీ, పదహారో నంబరు చట్టం. తెలుగులో నపుంసకుల చట్టం అనాలి. హిజ్రాల మీద చేసిన చట్టం అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. ఫస్లీ అంటే పంటల లెక్కన నడిచే సంవత్సరం. ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళు పాత పహాణీల్లో చూసే ఉంటారు. 590 కలిపితే మన లెక్క వస్తుంది. అంటే 1919-20. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం.

నాలుగైదు పేరాల చట్టం అది, చదవడానికి పది నిమిషాలు పట్టదు. నా మాటల్లో చెప్తాను. హైదరాబాద్ నగరంలో ఉండే నపుంసకుల పేర్లూ, వాళ్ళు ఉండే చోట్లూ రాసి ఉంచే ఒక రిజిస్టరు ప్రభుత్వం నడపాలి. ఎవరి పేర్లు? మగపిల్లల్ని ఎత్తుకుపోతారనో, వాళ్ళకి అంగచ్ఛేదం చేస్తారనో, 'ప్రకృతి విరుద్ధ' నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవాళ్ళవి. అనుమానం చాలు, రుజువు అక్కర్లేదు. అలా పేరెక్కిన మనిషి ఆడవాళ్ళ బట్టల్లో గానీ నగలతో గానీ వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. వీధిలో ఆడినా, వాయించినా, నలుగురి ముందు ఏ వేడుకలో పాలుపంచుకున్నా అంతే. రెండేళ్ళ దాకా జైలు. పదహారేళ్ళలోపు మగపిల్లవాడు వాళ్ళ ఇంట్లో ఉంటే అదొక నేరం.

ఇందులో ఒక ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వీధిలో కనబడడమే కాదు, వీధికి కనబడాలనే ఉద్దేశంతో వేరే ఎక్కడున్నా నేరమేనట. అంటే సొంత ఇంటి గుమ్మం. సొంత ఇంటి కిటికీ. చీర కట్టుకుని తన గడపలో నిలబడి, సాయంత్రం పూట గల్లీలోకి చూడడం. ఆ చూపు వెనక ఉద్దేశం ఏమిటో పోలీసు తేల్చాలి.

ఇల్లు అలా పోయింది. పని సంగతి చూడండి. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, కొత్త దుకాణం తెరిచినప్పుడు వెళ్ళి ఆడి పాడి దీవించి డబ్బు తీసుకోవడాన్ని బధాయి అంటారు. అది వాళ్ళ వృత్తి, కొన్ని తరాలుగా. ఇదే అబిడ్స్‌లో ఇప్పటికీ దుకాణం తెరిచేవాళ్ళలో వాళ్ళ దీవెన కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు, ఇచ్చి పంపించెయ్ అనేవాళ్ళూ ఉన్నారు. బోనాల్లో శివసత్తుల వెంట ఆడేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. చట్టం ఆ పనినే నేరం చేసింది. ఇంకో పని ఇస్తానని మాత్రం ఎక్కడా అనలేదు.

ఇదంతా నిజాం సొంత ఆలోచన కాదు. బ్రిటిషువాళ్ళు 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం గురించి మనకు తెలిసిందల్లా కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసిందని. ఎరుకల, స్టువర్టుపురం, సెటిల్‌మెంట్లు, ఇవన్నీ తెలుగులో కథలయ్యాయి. ఆ చట్టానికే రెండో భాగం ఒకటుంది. అది మొత్తం హిజ్రాల గురించి. రిజిస్టరు, ఆడబట్టలు, పదహారేళ్ళ పిల్లవాడు, రెండేళ్ళ జైలు అన్నీ అందులోవే. పైగా పేరెక్కినవాళ్ళు ఎవరికీ ఏదీ దానం చెయ్యకూడదు, వీలునామా రాయకూడదు, దత్తత తీసుకోకూడదు అని కూడా ఉంది. అంటే గురువు ఇల్లు చేలాకి చేరే దారి మూసేశారు. వాయవ్య రాష్ట్రాల అధికారులు ఈ సమూహం మెల్లమెల్లగా అంతరించిపోవాలనే కోరుకున్నారని జెస్సికా హించీ అనే చరిత్రకారిణి 2019లో అచ్చయిన తన పుస్తకంలో ఆ కాలపు ఫైళ్ళు పట్టుకుని చూపిస్తుంది. ఏభై ఏళ్ళ తర్వాత హైదరాబాద్ సర్కారు ఆ అచ్చునే తెచ్చుకుని తన ముద్ర వేసుకుంది.

ఇప్పుడు నా సంగతి.

2011లో నేను బజార్‌ఘాట్‌లో ఉండేవాణ్ణి. నాంపల్లి స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. అబిడ్స్‌లో ఒక డీటీపీ ఆఫీసులో ప్రూఫులు చూసే ఉద్యోగం. బ్యాచిలర్‌కి ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఈ ఊళ్ళో తిరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. 'టు లెట్' బోర్డు కింద 'ఓన్లీ ఫ్యామిలీస్', దాని కింద పెన్నుతో 'వెజ్'. ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "ఏమిట్లు?" రెండోది "పెళ్ళయిందా?" పదకొండు ఇళ్ళు తిరిగాక, మా ఊరివాళ్ళెవరో తెలుసని ఒక ఓనరమ్మ గ్రౌండ్ ఫ్లోర్‌లో వెనకాల గది ఇచ్చింది. ఆమె దగ్గర ఒక పొడుగాటి నోట్‌బుక్ ఉండేది. కిరాయికి వచ్చినవాళ్ళ పేరు, తండ్రి పేరు, ఊరు, అడ్వాన్సు ఎంత, ఏ తారీఖున చేరారు, అన్నీ చేత్తో రాసుకునేది. నా పేరు కూడా రాసింది. ఆ పేజీ జిరాక్సే నా మొదటి అడ్రసు ప్రూఫ్. గ్యాస్ కనెక్షన్‌కి పనికొచ్చింది.

ఆ ఏడాది వానాకాలంలో పైన పెంట్‌హౌస్ ఖాళీ అయింది. పెంట్‌హౌస్ అంటే డాబా మీద రేకుల గది, పేరుకే. ఒక ట్రాన్స్ మహిళ వచ్చి చూసింది. ఏదో సంస్థలో హెచ్‌ఐవీ నివారణ పనిచేస్తున్నానని మెడలో ఐడీ కార్డు చూపించింది. మూడు నెలల అడ్వాన్సు అప్పటికప్పుడే ఇస్తానంది. నేను మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. కాటన్ చీర, చేతిలో మడత గొడుగు. "నీళ్ళు రోజూ వస్తయా అమ్మా?" అని అడిగింది. అదొక్కటే అడిగింది. ఇల్లు వెతికే ఎవరైనా అడిగేదే.

ఓనరమ్మ చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరం వస్తే గంజి పంపింది. ఆ సాయంత్రం ఆమె రూళ్ళ కాయితం ఒకటి పట్టుకుని ప్రతి పోర్షన్ తలుపూ తట్టింది. "నాకేం లేదు తమ్మీ, మీకు ఇబ్బంది అయితదని. పిల్లలున్న ఇల్లు గదా. రేపు నన్ను ఎవలన్న ఏమన్న అడిగితే చూపియ్యడానికి." కాయితం మీద కిరాయిదారులకి అభ్యంతరం ఉందని రాసి ఉంది. నాలుగు కుటుంబాల సంతకాలు అయిపోయాయి. అయిదోది నాది.

పెట్టాను.

ఎందుకు పెట్టావంటే నా దగ్గర జవాబు ఉంది, కానీ అది జవాబులా ఉండదు. ఆ ఇంట్లో నేనే దయ మీద ఉన్నాను. బ్యాచిలర్‌ని. వద్దంటే నీకేం సంబంధం అని అడుగుతారు. ఇంకా నిజం చెప్పాలంటే అంత ఆలోచించలేదు కూడా. పెన్ను ఇచ్చారు, పెట్టాను. ఆ తర్వాత ఆమె ఫోన్ చేసిందో లేదో, ఓనరమ్మ ఏం చెప్పిందో తెలియదు. మరుసటి వారం పెంట్‌హౌస్‌లోకి పెళ్ళయిన జంట దిగారు.

పన్నెండేళ్ళ తర్వాత, పేర్లూ వాళ్ళు ఉండే చోట్లూ రాసే రిజిస్టరు అనే మాట పేపర్లో చదివినప్పుడు నాకు ఆ రూళ్ళ కాయితం గుర్తొచ్చింది.

ఒక ప్రశ్న మిగిలే ఉంది. 1919 చట్టం 2023 దాకా ఎలా బతికింది? 1948లో నిజాం పాలన పోయింది. 1950లో రాజ్యాంగం వచ్చింది. 1952లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని కేంద్రం ఎత్తేసింది. 1956లో హైదరాబాద్ రాష్ట్రమే లేకుండా పోయింది. 2014లో తెలంగాణ వచ్చింది. ప్రతి మలుపులోనూ పాత చట్టాలన్నీ, ఎవరో పనిగట్టుకుని రద్దు చేస్తే తప్ప, కొత్త ప్రభుత్వానికి వారసత్వంగా వస్తాయి. 372వ అధికరణం చెప్పేది అదే. ప్రాథమిక హక్కులకి విరుద్ధమైన పాత చట్టం చెల్లదని 13వ అధికరణం కూడా చెబుతుంది, కానీ అది ఎవరైనా కోర్టుకెళ్ళి అడిగినప్పుడు. అడిగేవాళ్ళు లేకపోతే, చెల్లని చట్టం కూడా పుస్తకంలో బతికే ఉంటుంది. పేరు ముందు 'హైదరాబాద్' తీసి 'ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ఏరియా)' అని పెట్టారు. ఆ మార్పు చేసిన గుమాస్తా లోపలి పాఠం చదివాడా అని నాకు అనుమానం.

నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ ఉంది కదా, పాతపేరు బాగ్-ఎ-ఆమ్. ఆ గోడ పక్కనే అసెంబ్లీ. 1905లో మొదలుపెట్టి 1913లో పూర్తిచేసిన టౌన్‌హాలు అది, ఆరో నిజాం నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా. హైదరాబాద్ హిజ్రాల జీవితాల మీద గాయత్రి రెడ్డి రాసిన పరిశోధన గ్రంథం 2005లో వచ్చింది. తొంభైల్లో ఆమె ఊరంతా తిరిగి రాసినది. అందులో ఈ పబ్లిక్ గార్డెన్స్ కూడా ఉంది, వాళ్ళు చీకటిపడ్డాక కలుసుకునే చోటుగా. చట్టాలు చేసే ఇంటికీ, ఆ చట్టం ప్రకారం కనబడకూడని మనుషులు కలుసుకునే తోటకీ మధ్య ఒక్క గోడ. రద్దు చెయ్యడానికి ఎంతో దూరం నడవనక్కర్లేదు.

అసెంబ్లీకి ఎదురుగా గన్‌పార్క్. అక్కడి స్తూపం 1969 అమరులది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఇంకో సంగతి తడుతుంది. ముల్కీ నిబంధనలు తెచ్చిన ఫర్మానా కూడా 1919దే. స్థానికుడే సర్కారు ఉద్యోగానికి అర్హుడు. బయటినుంచి వచ్చినవాడు పదిహేనేళ్ళు ఇక్కడే ఉండి, వెనక్కి వెళ్ళే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం ఇస్తే అతనూ ముల్కీయే. ఈ నిబంధన కోసం, దాని ఉల్లంఘన మీద 1952లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి, 1969 వచ్చింది, 1972లో సుప్రీంకోర్టు తీర్పు, దాని మీద జై ఆంధ్ర, 1973లో ఆరు సూత్రాలు, చివరికి 371-డి. పోటీ పరీక్షలకి చదివినవాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెప్తారు ఈ వరస. ఉద్యోగంలో వివక్ష అంటే ఈ ఊళ్ళో మొదట గుర్తొచ్చేది అదే, అది న్యాయం కూడా. కానీ అదే ఏడాది, అదే సర్కారు, అదే నగరంలో పుట్టి పెరిగినవాళ్ళ మీద తెచ్చిన ఇంకో చట్టం ఏ సిలబస్‌లోనూ లేదు. పదిహేనేళ్ళు ఉంటే పరాయివాడు ముల్కీ అవుతాడు. తరతరాలుగా ఉన్నా కొందరు అనుమానితులే.

ఈ చట్టం కాయితం మీద మాత్రమే ఉంది, ఎవరూ వాడలేదు అని కొందరంటారు. కావచ్చు, ఆ రిజిస్టరులో చివరి పేరు ఎప్పుడెక్కిందో నేను చూడలేదు. అయితే చట్టంలోని అనుమానానికి చట్టం అక్కర్లేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. అవి రాజుకుని చాంద్రాయణగుట్టలో ఒక గుంపు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక ట్రాన్స్ మహిళని కొట్టి చంపేసింది. పిల్లల్ని ఎత్తుకుపోతారు. 1871లో కలకత్తాలో రాసిన అనుమానం, 1919లో హైదరాబాద్‌లో అచ్చు వేసుకున్న అనుమానం, అదే. ఆ గుంపులో ఎవరూ 1329 ఫస్లీ చదివి ఉండరు.

ఆ ఏడాదే చట్టం మీద హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. వేసినవాళ్ళలో వైజయంతి వసంత మొగిలి ఉన్నారు, తెలంగాణలో ట్రాన్స్ హక్కుల కోసం చాలా ఏళ్ళుగా గట్టిగా మాట్లాడుతున్న మనిషి. కోర్టు ఆ ఏడాదే చట్టం అమలుని తాత్కాలికంగా నిలిపింది. అయిదేళ్ళకి తుది తీర్పు. ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్‌రెడ్డిల బెంచి ఈ చట్టం 14, 21 అధికరణాలకి విరుద్ధమనీ, ఒక సమూహాన్ని మొత్తంగా నేరస్తుల్ని చేస్తున్నదనీ చెప్పింది. అక్కడితో ఆగకుండా విద్యలో, ప్రభుత్వ ఉద్యోగాల్లో వాళ్ళకి రిజర్వేషను కల్పించమనీ, ఆసరా పింఛను ఇమ్మనీ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

అంతకుముందే, 2014 ఏప్రిల్ 15న, సుప్రీంకోర్టు నల్సా కేసులో ట్రాన్స్‌జెండర్ అనేది చట్టం గుర్తించాల్సిన అస్తిత్వమనీ, అది చెప్పుకునే హక్కు ఆ మనిషిదేననీ తేల్చింది. పార్లమెంటు 2019లో చట్టం చేసింది. 1919కి సరిగ్గా వందేళ్ళు. ఆ చట్టం మూడో సెక్షన్‌లో వివక్ష కూడదని చెప్పిన జాబితాలో చదువు, ఉద్యోగం, వైద్యం వీటితో పాటు ఒక వాక్యం ఉంది: ఏదైనా ఆస్తిలో నివసించడానికి, కొనడానికి, కిరాయికి తీసుకోవడానికి ఉన్న హక్కుని నిరాకరించకూడదని. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టంలోనూ దాదాపు ఇదే వాక్యముంది. మన చట్టాల్లో 'కిరాయికి తీసుకునే హక్కు'ని ఇంత సూటిగా రాసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే స్నేహితురాలు ఒకామె ఉంది. ఈ సెక్షన్ పట్టుకుని స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో ఆమెని కలిశాను. నాకు చాలా ఉత్సాహంగా ఉంది. ఆమె చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ అంది: "సెక్షన్ 3 వద్దంటది. సెక్షన్ 18 శిక్ష వేస్తది. ఈ రెండిటి నడుమ మీ ఓనరమ్మ హాయిగ కూసున్నది."

విడమర్చి చెప్పింది. పద్దెనిమిదో సెక్షన్‌లో ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. వెట్టిచాకిరీ చేయిస్తే, నలుగురూ వెళ్ళే చోటుకి రానివ్వకపోతే, ఉన్న ఇంటినుంచీ ఊరినుంచీ వెళ్ళగొడితే, హింసిస్తే. ఉన్న ఇంట్లోంచి వెళ్ళగొడితే నేరం. అసలు ఇంట్లోకే రానివ్వకపోతే? అది మూడో సెక్షన్‌లో ఉంది, కానీ దానికి శిక్ష అని ఎక్కడా రాయలేదు. ఉద్యోగం దగ్గర కొంచెం నయం, ప్రతి సంస్థలో ఫిర్యాదులు వినే అధికారి ఒకరు ఉండాలని రాశారు. ఇంటి ఓనరుకి ఫిర్యాదుల అధికారి ఎవరు? కిరాయి చట్టం ఒకటుంది, 1960ది. అది ఇంట్లో చేరినవాణ్ణి ఏ కారణం మీద ఖాళీ చేయించొచ్చో చెబుతుంది. చేర్చుకోకపోవడం గురించి పట్టించుకోదు.

"ఇంకో మాట," అంది. "గుర్తింపు పత్రం కావాలంటే మళ్ళా జిల్లా మేజిస్ట్రేటుకే దరఖాస్తు పెట్టాలె. మళ్ళా పేరు, మళ్ళా అడ్రస్. అడ్రస్ ఎవరిస్తరు?"

కులం మాట వచ్చింది. రావాలి కూడా, ఎందుకంటే నన్ను పదకొండు ఇళ్ళు తిప్పిన "ఏమిట్లు?" ప్రశ్నకి చట్టం ఏమంటుందో నేను అప్పటిదాకా చూడలేదు. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976 సవరణతో పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మారింది. అందులో నాలుగో సెక్షన్, అంటరానితనం కారణంగా ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, అందులో ఉండకుండా అడ్డుకోవడం నేరమంటుంది. శిక్ష కూడా ఉంది. పైగా బాధితుడు షెడ్యూల్డు కులం మనిషి అయితే, ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందే అనుకోవాలి, కాదని రుజువు చేసే బరువు అవతలివాళ్ళది. 1955లోనే ఇంత స్పష్టంగా రాసుకున్న దేశం మనది. కానీ ఓనర్లు తెలివైనవాళ్ళు. కులం వల్ల ఇవ్వలేదని ఎవడూ చెప్పడు. "మా తమ్ముడొస్తుండు", "పెయింటింగ్ అయినంక చూద్దాం", "వెజ్ వాళ్ళకే." ఆఖరిది మరీ పనికొచ్చే మాట, అన్నం గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

మతం దగ్గరికొస్తే ఇంకా పలచన. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, తమ వాళ్ళకే సభ్యత్వం అని సొసైటీ నియమం పెట్టుకోవడం తప్పు కాదంది. రాజ్యాంగంలోని సమానత్వం ప్రధానంగా సర్కారు మీదే పనిచేస్తుంది, ఇంటి యజమాని మీద కాదు. మరుసటి ఏడాది వచ్చిన సచార్ కమిటీ నివేదిక సమాన అవకాశాల కమిషన్ కావాలంది. 2017లో శశి థరూర్ లోక్‌సభలో వివక్ష నిరోధక బిల్లుని ప్రైవేటు మెంబరు బిల్లుగా పెట్టాడు. ప్రైవేటు బిల్లులు ఏమవుతాయో తెలిసిందే.

డల్లాస్‌లో ఉండే మా కజిన్‌కి ఈ గోల చెప్తే, వాళ్ళ అపార్ట్‌మెంటు ఆఫీసు గోడ మీద ఒక బొమ్మ ఉంటుందని ఫోటో తీసి పంపాడు: ఇల్లు, అందులో సమానం గుర్తు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం తాలూకు గుర్తు అది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి జాన్సన్ సంతకం చేసిన చట్టం. అక్కడ వివక్ష పోయిందని కాదు, నల్లవాళ్ళని అడిగితే చెప్తారు. కానీ మావాడు ఆ దేశంలో ఇల్లు వెతికినప్పుడు ఎవరూ వాణ్ణి "ఏమిట్లు?" అని అడగలేదు. అడిగింది ఒక్కరే, గది పంచుకోవడానికి పిలిచిన తెలుగువాళ్ళు.

పని విషయంలో కొంత కదలిక కనబడుతుంది. 2022 చివర్లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు చేరారు. ఎంబీబీఎస్ చదివి కూడా ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎన్నిసార్లు తిరస్కరించారో వాళ్ళు పత్రికలకి చెప్పారు. 2024 డిసెంబర్‌లో 39 మంది హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులో అసిస్టెంట్లుగా చేరారు. యూనిఫాంలో, నడివీధిలో నిలబడి, అందరికీ కనబడడమే ఉద్యోగం. వీధికి కనబడితే రెండేళ్ళ జైలన్న నగరంలో. ఆ ఫోటో నేను దాచుకున్నాను. వాళ్ళలో ఎంతమంది డ్యూటీ దిగాక ఇల్లు వెతుక్కుంటూ ఎన్ని టు లెట్ బోర్డులకి ఫోన్ చేస్తున్నారో ఫోటోలో తెలియదు.

మొన్న సంక్రాంతి ముందు బజార్‌ఘాట్ వెళ్ళాను. ఓనరమ్మ పోయి నాలుగేళ్ళయిందట. కొడుకు నన్ను గుర్తుపట్టాడు, కూర్చోబెట్టాడు. రూళ్ళ కాయితం గురించి అడగాలనే వెళ్ళాను. అతనికి దాని సంగతే తెలియదు. అమ్మ నోట్‌బుక్ మాత్రం ఉందని, దేవుడి అలమారలోంచి తీసుకొచ్చాడు. పసుపు మరకలు. 2011 పేజీ తీశాను. నా పేరు, నాన్న పేరు, ఊరు, అడ్వాన్సు 4000, చేరిన తారీఖు. ఆమె చేతిరాత గుండ్రంగా ఉండేది. నా కింద పెంట్‌హౌస్ అని రాసి ఒక మగమనిషి పేరు, 'విత్ ఫ్యామిలీ'. రెండు వరసల మధ్య ఖాళీ ఏమీ లేదు.

"అన్నా, ఫోటో తీసుకుంటవా?" అన్నాడు అతను, నేను అంతసేపు చూస్తుంటే. తీసుకున్నాను. మెట్లు దిగుతుంటే పైనుంచి ఎవరో డాబా కడుగుతున్నారు, నీళ్ళు గోడ వెంట కారుతున్నాయి. గేటుకి టు లెట్ బోర్డు వేలాడుతోంది. నంబరు అతనిదే.